ఏఓ3లో పాఠకుల ఓటుతో నడిచే మాయాకథ: ఏది పనిచేస్తుంది, ఎక్కడ తడబడుతుంది

మంత్రాలు, శాపాలు, మాయదీవులు ఉన్న కథని విడతలుగా రాస్తూ, చాప్టర్ చివర "ఇప్పుడు వీడేం చెయ్యాలి?" అని పాఠకుల్నే అడిగి, వాళ్లు చెప్పినదాన్ని బట్టి తర్వాతి భాగం రాయడం ఫ్యాన్ ఫిక్షన్‌లో, అంటే అభిమానులు తమకి నచ్చిన కథల మీద అల్లుకునే రాతల్లో, బాగా వేళ్లూనుకున్న అలవాటు. ఇలాంటి సీరియల్ పెట్టుకోవడానికి ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్, అంటే అందరూ ఏఓ3 అని పిలిచే సైటు, ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం. అసలు మాట ముందే చెప్పేస్తే మంచిది. కథని, పాఠకుడు అన్న మాటని భద్రంగా దాచడంలో దీనికి సాటి లేదు. ఓట్లు లెక్కపెట్టడానికి మాత్రం ఇక్కడ ఒక్క మీట కూడా లేదు. ఆ పని రచయితే ఒక పద్ధతి పెట్టుకుని చేసుకోవాలి.

ఏఓ3ని నడిపేది ఆర్గనైజేషన్ ఫర్ ట్రాన్స్‌ఫర్మేటివ్ వర్క్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ. 2007లో పుట్టింది. అప్పటిదాకా అభిమానుల రాతలన్నీ పరాయి సైట్ల మీద ఉండేవి. యజమాని మనసు మారితే రాత్రికి రాత్రే ఖాతాలు మాయమయ్యేవి. సర్వర్లు మనవే కావాలన్న పట్టుదలతో కట్టిన చోటు ఇది, 'అవర్ ఓన్' అంటే మన సొంతం, పేరులోనే ఉంది ఆ మాట. 2009 నవంబరులో జనానికి తెరిచారు. ప్రకటనలు ఉండవు, చందా ఉండదు, విరాళాలతోనూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల చలవతోనూ నడుస్తుంది. 2019లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకి ఇచ్చే హ్యూగో పురస్కారం అందుకుంది. అందులో ఉన్న రచనల సంఖ్య కోటి దాటి చాలా కాలమైంది.

చదవడానికి ఖాతా అక్కర్లేదు. రాయడానికి కావాలి, ఖాతాకి ఆహ్వానం కావాలి. ఈమెయిల్ ఇచ్చి వరుసలో నిలబడితే మన వంతు వచ్చినప్పుడు లింక్ పంపుతారు, అది స్పామ్‌లో పడుతుంది ఒక్కోసారి. కాబట్టి మొదటి చాప్టర్ రాయడం మొదలుపెట్టిన రోజే ఆహ్వానం అడిగి ఉంచుకోవాలి. 13 ఏళ్లు నిండి ఉండాలి. ఫోన్‌కి అధికారిక యాప్ లేదు, బ్రౌజర్లోనే తెరవాలి. ఆ పేరుతో యాప్ స్టోర్లలో కనిపించేవి సంస్థవి కావు, వాటిలో పాస్‌వర్డ్ కొట్టకండి.

మిగతా చోట్ల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్ 1998 నుంచి ఉంది. అక్కడ రచయిత ప్రొఫైల్‌లో పోల్ పెట్టుకునే సదుపాయం ఉంది, కానీ 'నీ దారి నువ్వే ఎంచుకో' తరహా ఇంటరాక్టివ్ రచనల్ని వాళ్ల నిబంధనలే వద్దంటాయి. పోల్ ఉంది, దానితో నడిచే కథకి చోటు లేదు! వాట్‌ప్యాడ్‌లో పేరా పక్కనే కామెంట్ పెట్టొచ్చు. ఏ వాక్యం దగ్గర పాఠకుడు ఉలిక్కిపడ్డాడో తెలుస్తుంది, ఆ ఒక్క విషయంలో ఏఓ3 కంటే మేలు. కాకపోతే ప్రకటనల గోల. ప్రతిలిపిలో తెలుగు పాఠకులు దండిగా ఉన్నారు, కానీ అది డబ్బుతో ముడిపడిన వేదిక. వేరేవాళ్లు సృష్టించిన ప్రపంచం మీద రాసే కథకి అది సరైన చోటు కాదు. ఏఓ3లో ఈ విషయం గట్టిగా పట్టించుకుంటారు: ఎలాంటి వ్యాపారమూ కుదరదు. "కాఫీ ఖర్చులు పంపండి" అని నోట్స్‌లో, అంటే కథకి ముందూ వెనకా రచయిత రాసుకునే మాటల్లో, లింక్ పెట్టినా నిబంధన తప్పినట్టే. డబ్బిచ్చినవాళ్లకి రెండు ఓట్లు అనే ఆలోచన అసలే రానివ్వకూడదు.

సీరియల్ పెట్టేటప్పుడు నింపే ఫారం పొడుగ్గా ఉంటుంది. అందులో ఓటు కథకి ముఖ్యమైనవి కొన్నే. మొదటిది వార్నింగ్. తీవ్రమైన హింస, ముఖ్యపాత్ర చావు లాంటివి ఉంటే ముందే చెప్పాలి. ఏ వార్నింగూ వర్తించదు అని ఒక ఎంపిక, చెప్పదలచుకోలేదు అని ఇంకో ఎంపిక ఉంటాయి. కథ ఎటు పోతుందో రచయితకే తెలియనప్పుడు 'చెప్పదలచుకోలేదు' అన్నదే నిజాయితీ. ఏమీ లేదని పెట్టి, ఏడో చాప్టర్లో ఓటు ప్రకారం గురువుగారిని చంపేస్తే, ఆ నమ్మకంతో చదువుతున్న పాఠకుడిని మోసం చేసినట్టే. రెండోది, ఇది చాలా చాప్టర్ల రచన అని టిక్ పెట్టి, మొత్తం ఎన్ని అన్నచోట ప్రశ్నార్థకం వదిలేయాలి. ఇరవై అని రాసి ముప్పైకి సాగదీయడం కన్నా అది నయం. మూడోది ట్యాగులు. ఫ్యాండమ్ (ఏ సినిమా, ఏ పుస్తకం మీద రాసిన కథో), జంటలు, పాత్రలు, అదనపు ట్యాగులు అన్నీ కలిపి 75 మించకూడదు. పాఠకులు సూచించిన ప్రతి పిశాచానికీ ఒక ట్యాగు తగిలిస్తూ పోతే ఈ హద్దు తగులుతుంది, అంతకంటే ముందే చూసేవాడి ఓపిక అయిపోతుంది.

నిడివి హద్దులు తెలుగులో రాసేవాళ్లని కాస్త ఎక్కువగా పట్టుకుంటాయి. కథాసారానికి 1,250 క్యారెక్టర్లు, నోట్స్‌కి 5,000, ఒక్కో కామెంట్‌కి 10,000. వినడానికి బోలెడు. కానీ కంప్యూటర్ లెక్క వేరు. మన గుణింతం, ఒత్తు, సున్నా, పొల్లు అన్నీ దానికి విడివిడి క్యారెక్టర్లే. 'మంత్రం' కంటికి రెండక్షరాలు, లెక్కలో ఆరు. 'లక్ష్మి' కంటికి రెండు, లెక్కలో ఏడు. మనం సగం పేజీ అనుకున్న సారాంశం హద్దు దాటిందని ఫారం వెనక్కి కొడుతుంది. తెలుగులో కథాసారం నాలుగైదు చిన్న వాక్యాల్లో తేల్చేయడం మేలు.

ఇక ఓటు.

ఓటు ప్రశ్న పెట్టాల్సింది ఆ చాప్టర్ ముగింపు నోట్స్‌లో. ఇక్కడ చాలామంది పొరబడతారు. మొత్తం రచనకి ఒక ముగింపు నోట్స్ ఉంటుంది, ఒక్కో చాప్టర్‌కి ఒక్కోటి వేరే ఉంటుంది. ప్రశ్నని మొత్తం రచన నోట్స్‌లో పెడితే, ఎన్ని చాప్టర్లు చేర్చినా అది చివరి చాప్టర్ కిందే వేలాడుతుంది. నాలుగో చాప్టర్ ప్రశ్న తొమ్మిదో చాప్టర్ కింద కనిపించి, కొత్తగా వచ్చినవాళ్లు ఎప్పుడో తేలిపోయిన విషయానికి ఓట్లు వేస్తుంటారు.

ప్రశ్న ఎలా ఉండాలో ఒక నమూనా:

"ఓటు 4. వీరన్న చేతిలో నాగమణి ఉంది. చెల్లెలు పాడుబావిలో ఉంది. మణి ఒక్కసారే పనిచేస్తుంది.
1. మణిని బావిగట్టు మీద పెట్టి చెల్లెల్ని పైకి రప్పిస్తాడు. మణి బూడిదవుతుంది.
2. మణి దాచుకుని తాడు వేసి లాగుతాడు. గుడిగంట మోగేలోపు లాగలేకపోవచ్చు.
3. మణిని మాంత్రికుడికిచ్చి బేరం ఆడతాడు. చెల్లెలు బతుకుతుంది, మాంత్రికుడికి బలం పెరుగుతుంది.
కామెంట్ మొదటి వరుసలో అంకె ఒక్కటే రాయండి. మీ కారణం దాని కింద. గడువు ఆదివారం రాత్రి 9 గంటలు, భారత సమయం. ఓట్లు సమానమైతే వీరన్నకి ఎక్కువ కష్టం తెచ్చే దారే తీసుకుంటాం."

ఇందులో ప్రతి ముక్కకీ పని ఉంది. అంకె ఎందుకంటే, ఒకరు 'నాగమణి' అని తెలుగులో రాస్తారు, ఇంకొకరు అదే మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, మూడోవారు 'మణి బావికి' అంటారు. పేజీలో వెతికి లెక్కపెట్టబోతే సగం ఓట్లు దొరకవు. అంకెని ఎవరు కొట్టినా ఒకేలా ఉంటుంది. మొదటి వరుసలోనే ఎందుకంటే, "2 బాగుంది కానీ 1కే నా మనసు" లాంటి కామెంట్‌ని ఎటు లెక్కపెట్టాలన్న తగువు రాకుండా. ప్రశ్నకి వరుస సంఖ్య ఎందుకంటే, ఆలస్యంగా చదివినవాళ్లు ఏ ఓటు గురించి మాట్లాడుతున్నారో తెలియాలి. సమానమైతే ఏంటో ముందే చెప్పకపోతే, తర్వాత రచయిత ఏది ఎంచుకున్నా "మీకు కావలసిందే చేసుకున్నారు" అంటారు. కష్టం ఎక్కువున్న దారి అన్న నియమం కథకీ మంచిది, ఎవరి పక్షమూ కాదు.

దారులు మూడు ఉంటే సరిపోతుంది. రెండే ఉంటే పాఠకులు రెండు జట్లుగా చీలి పట్టుదలకి పోతారు. అయిదు దాటితే ఓట్లు చెదిరిపోయి, నలుగురు కోరిన దారి పదిహేనుమంది వద్దన్నా గెలుస్తుంది.

గడువుకి నాలుగైదు రోజులు ఇవ్వాలి. సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లకి కొత్త చాప్టర్ రాగానే ఈమెయిల్ వెళ్తుంది, అయినా అందరూ ఆ రోజే చదవరు, వారాంతం దాకా ఆగేవాళ్లే ఎక్కువ. వారానికో చాప్టర్ అని మాటిస్తే ఓటు ముగిశాక రాయడానికి రెండు మూడు రోజులే మిగులుతాయి. ఓటు ఉన్న సీరియల్‌కి పక్షానికో చాప్టరే సరైన నడక. తెలుగు పాఠకులు హైదరాబాదులో ఉంటారు, డాలస్‌లో ఉంటారు, లండన్‌లో ఉంటారు. 'ఆదివారం రాత్రి' అని వదిలేస్తే ఎవరి రాత్రి? భారత సమయం రాత్రి 9 అంటే న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం 11:30, చలికాలంలో 10:30. ప్రతి కామెంట్ మీదా సమయం పడుతుంది, సెట్టింగుల్లో మన టైమ్‌జోన్ పెట్టుకుంటే గడువు దాటిన ఓటు ఏదో చూడగానే తెలుస్తుంది.

కుడోస్‌ని, అంటే కథ నచ్చిందని చెప్పడానికి నొక్కే మీటని, ఓటుగా వాడదామన్న ఆలోచన అందరికీ వస్తుంది. కుదరదు. ఒక పాఠకుడు ఒక రచనకి ఒక్కసారే కుడోస్ ఇవ్వగలడు, చాప్టర్‌కి ఒకటి కాదు. మొదటి చాప్టర్‌కే ఇచ్చేసినవాడు ఇరవయ్యో చాప్టర్ ఎంత నచ్చినా మళ్లీ ఇవ్వలేడు, ఇచ్చినది వెనక్కి తీసుకోలేడు.

బయటి ఫారం లింక్ పెట్టి ఓటింగ్ నడపొచ్చు. ఏఓ3 పేజీలో పోల్ పొదగడం సాధ్యం కాదు, లింక్ వరకే. లెక్క సులభం, సిగ్గరి పాఠకులు కూడా వేస్తారు. అయినా కామెంట్ ఓటే మంచిది, కారణం ఒక్కటే: ఫారంలో అంకె మాత్రమే వస్తుంది, కామెంట్‌లో అంకెతో పాటు కారణం వస్తుంది. "1. ఎందుకంటే రెండో చాప్టర్లో చెల్లెలే వీడి జ్వరం తీసుకుంది, అప్పు తీర్చాలిగా" అని ఒక పాఠకురాలు రాస్తే, ఆ ముక్క తర్వాతి చాప్టర్‌కి వెన్నెముక అవుతుంది. రచయిత మర్చిపోయిన జ్వరాన్ని పాఠకురాలు గుర్తుపెట్టుకుంది. కథని నిజంగా మలిచేది ఇదే, అంకెలు కాదు. ఫారం లింక్ రెండేళ్లకి చచ్చిపోతుంది కూడా, కామెంట్ కథ పక్కనే ఉండిపోతుంది.

ఇక కామెంట్ల పనితీరులో తెలుసుకోవాల్సిన చిక్కులు కొన్ని ఉన్నాయి. ఖాతా ఉన్నవాళ్లు తమ కామెంట్‌ని మార్చుకోవచ్చు, కానీ దానికి ఎవరైనా జవాబు ఇచ్చేదాకే. జవాబు పడ్డాక మార్చడం కుదరదు. అంటే గడువు లోపల రచయిత ఉత్సాహంగా అందరికీ జవాబులిచ్చేస్తే, మనసు మార్చుకోవాలనుకున్నవాళ్ల చేతులు కట్టేసినట్టే. గడువు ముగిశాకే జవాబులు మొదలుపెట్టాలి, అప్పుడా జవాబే ఓటుకి తాళం అవుతుంది. వాదన ముదిరిన చోట ఆ కామెంట్ల వరుసని ఫ్రీజ్ చేసే, అంటే ఇక జవాబులు పడకుండా ఆపేసే మీట రచయితకి ఉంటుంది.

ఖాతా లేకుండా గెస్టులుగా కామెంట్ పెట్టేవాళ్లతో ఇంకో తంటా. పేరు, ఈమెయిల్ ఏదో ఒకటి కొట్టి ఎవరైనా రాయొచ్చు కాబట్టి ఒకే మనిషి నాలుగు పేర్లతో నాలుగు ఓట్లు వేయొచ్చు. ఖాతా ఉన్నవాళ్లకే కామెంట్ అని సెట్టింగ్ పెడితే ఇది ఆగుతుంది. కానీ ఆహ్వానం కోసం వేచి ఉన్న తెలుగు పాఠకులు కూడా ఆగిపోతారు, అసలే వాళ్లు తక్కువ. మధ్యేమార్గం ఉంది: గెస్టుల్ని రానివ్వండి, వాళ్ల కారణాలు చదవండి, అంకె మాత్రం ఖాతా ఉన్నవాళ్లదే లెక్క అని ప్రశ్న కిందే చెప్పండి.

అందరూ అవతలివాళ్ల ఓటు చూసి గెలిచేదాని వైపు ఒరగడం ఇంకో జబ్బు. దీనికి ఏఓ3లోనే ఒక మందు ఉంది, చాలామంది గమనించరు. రచన సెట్టింగుల్లో కామెంట్ మోడరేషన్ ఆన్ చేస్తే, వచ్చిన కామెంట్లు రచయిత ఒప్పుకునేదాకా ఎవరికీ కనపడవు. రహస్య ఓటింగ్ అన్నమాట. గడువు ముగిశాక అన్నిటినీ ఒకేసారి ఆమోదించే మీట ఉంది. రెండు జాగ్రత్తలు: ఈ సెట్టింగ్ మొత్తం రచనకి వర్తిస్తుంది, ఒక్క చాప్టర్‌కి కాదు. ఇంకోటి, "మీ కామెంట్ వెంటనే కనపడదు, మళ్లీ పెట్టకండి" అని ముందే చెప్పకపోతే ఒక్కొక్కరు మూడేసి సార్లు పెడతారు. పాఠకుల మధ్య మాటలు ఆగిపోతాయి కనుక ప్రతి ఓటుకీ ఇది వద్దు. ఎవరు బతకాలి, సింహాసనం ఎవరిది లాంటి వేడి ప్రశ్నలకే.

ఇప్పుడు అసలు కీలకం: పాఠకుల్ని ఏం అడగాలి? మాయాకథలో ఇక్కడే అందరూ జారిపడతారు. పాత్ర ఏం చేయాలో అడగండి, ఏం జరగాలో అడగకండి. మంత్రం ఎలా పనిచేయాలో అసలే అడగకండి. "మణి పనిచేస్తుందా?" అని ఓటు పెడితే ప్రతిసారీ 'పనిచేస్తుంది' గెలుస్తుంది, ఎందుకంటే పాఠకులకి వీరన్న మీద ప్రేమ. పది చాప్టర్లు తిరిగేసరికి వాడి దగ్గర అదృశ్యమయ్యే తాయెత్తు, ఎగిరే పావుకోళ్లు, చచ్చినవాళ్లని లేపే మూలిక అన్నీ చేరతాయి. ఇక వాడికి భయపడాల్సిన పని లేదు, కథకి నడవాల్సిన పని లేదు. పాఠకుల తప్పు కాదది, ప్రశ్న తప్పు.

దీనికి విరుగుడు మంత్రాల చిట్టా. ప్రతి మంత్రానికీ, ప్రతి వస్తువుకీ నాలుగు విషయాలు రాసుకోవాలి: ఎవరు వాడగలరు, ఎంతసేపు లేదా ఎన్నిసార్లు, వాడితే ఏం పోతుంది, ఏ చాప్టర్లో మొదట వచ్చింది. అదృశ్యం తాయెత్తు ఎవరైనా సూచిస్తే కాదనక్కర్లేదు. తిరిగి ఇవే ప్రశ్నలు వేయండి. "ఘడియ సేపు కనపడడు, కానీ ఆ ఘడియలో తన గొంతు తనకే వినపడదు, కుక్కలకి మాత్రం కనపడతాడు" అని వాళ్లే బదులిస్తే అంతకన్నా ఏం కావాలి? ధర చెప్పిన సూచన చిట్టాలోకి, ధర లేనిది పక్కకి. ఈ నియమం మొదటి చాప్టర్‌లోనే ప్రకటించాలి. చిట్టాని మొత్తం రచన మొదటి నోట్స్‌లో పెడితే కథ తెరవగానే కనపడుతుంది. 5,000 క్యారెక్టర్లే కాబట్టి ఒక్కో వస్తువుకి ఒక్క వాక్యం చాలు. ఓటు పెట్టే ముందు మూడు దారులనీ ఈ చిట్టాతో సరిచూసుకోవాలి. ఒకసారే పనిచేసే మణిని ఓటు దారుల్లో రెండోసారి వాడినట్టు రాస్తే పాఠకులు నిమిషంలో పట్టేస్తారు.

ఓడిపోయిన దారి కూడా రాయాలనిపిస్తే ఏం చేయాలి? అదే రచనలో 'చాప్టర్ 5 అ', 'చాప్టర్ 5 ఆ' అని పెట్టి లింకులిచ్చేవాళ్లున్నారు. చాప్టర్ తర్వాత చాప్టర్ తెరిచి చదివేవాళ్లకి ఇది బాగానే ఉంటుంది. కానీ ఏఓ3లో కథ మొత్తం ఒకే పేజీలో చూసే మీట ఉంది, ఈపబ్‌గానో పీడీఎఫ్‌గానో దించుకునే సదుపాయం ఉంది. అలా చదివేవాళ్లకి వీరన్న ఒక పేజీలో మణి పోగొట్టుకుని, తర్వాతి పేజీలో దాన్ని మాంత్రికుడి చేతిలో పెడతాడు. ఓడిన దారిని వేరే రచనగా పెట్టి, రెంటినీ ఒక సిరీస్ కింద కట్టడం శుభ్రం.

గెలిచిన దారి రాశాక పాత చాప్టర్లో ఏదైనా సవరిస్తే, సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లకి మెయిల్ వెళ్లదు. కొత్త చాప్టర్ పెట్టినప్పుడే వెళ్తుంది. కాబట్టి "మూడో చాప్టర్లో తాయెత్తు రంగు మార్చాం" అని తర్వాతి చాప్టర్ మొదట్లో ఒక వరుస రాయాలి. పాత చాప్టర్ని తీసేసి మళ్లీ పెడదామని మాత్రం అనుకోకండి. చాప్టర్ని తొలగిస్తే దాని కింద ఉన్న కామెంట్లన్నీ, అంటే ఆ ఓటు మొత్తం, దాంతో పాటే పోతుంది. తిరిగి రాదు. పాఠం మార్చాలంటే ఎడిట్‌లోకి వెళ్లి పాఠమే మార్చండి.

సూచన ఇచ్చినవాళ్ల పేరు చెప్పడం మర్యాద, దానికి ఇక్కడ మంచి ఏర్పాట్లున్నాయి. చిన్న సూచనకి ఆ చాప్టర్ నోట్స్‌లో వాళ్ల ఏఓ3 పేరు చాలు. ఒక ఉపకథ మొత్తం ఒకరి ఊహ మీద నిలబడితే దాన్ని విడిగా రాసి వాళ్లకి గిఫ్ట్‌గా ఇవ్వొచ్చు, కథ నెత్తిన వాళ్ల పేరు కనపడుతుంది. పాఠకులే మీ లోకం మీద పక్కకథ రాస్తే 'దీని స్ఫూర్తితో' అన్నచోట మీ లింక్ ఇస్తారు, మీరు ఒప్పుకుంటే మీ కథ దగ్గర వాళ్ల కథ లింక్ కనపడుతుంది. ఉత్సాహంలో సహరచయితగా మాత్రం చేర్చకండి. సహరచయితకి కథని మార్చే హక్కు, మొత్తంగా తీసేసే హక్కు కూడా మీతో సమానంగా వస్తాయి. అది ఒక మంత్రం సూచించినందుకు ఇచ్చే బహుమతి కాదు.

ఊహలు ఎక్కువగా కావాలనుకుంటే "ఐడియాలు ఇవ్వండి" అని ఒక ఖాళీ రచన పెట్టకూడదు. కథ లేకుండా కోరికలు మాత్రమే ఉన్న పోస్టుల్ని సైటు ఒప్పుకోదు, తీసేయిస్తారు. దానికి వేరే దారి ఉంది: కలెక్షన్ (రచనల్ని ఒకచోట చేర్చే పేజీ) తెరిచి దాని రకం ప్రాంప్ట్ మీమ్ అని పెట్టండి. పాఠకులు కోరికలు రాస్తారు, కావాలంటే పేరు లేకుండా కూడా. నచ్చినదాన్ని మీరో, ఇంకో రచయితో ఎత్తుకుని రాస్తారు. నవల మధ్యలో ఊపిరి తీసుకునే విరామానికి ఇది చక్కటి పని.

తెలుగు విషయానికొస్తే, భాషల జాబితాలో తెలుగు ఉంది, అది ఎంచుకోవడం మర్చిపోవద్దు. లేకపోతే తెలుగులో వెతికేవాళ్లకి కథ కనపడదు. తెలుగు సినిమాల మీద అభిమానులు రాసిన కథలు అక్కడ బాగానే ఉన్నా, చాలావరకు ఇంగ్లీషులో. తెలుగులో రాసినవి బహు తక్కువ. ట్యాగులు తెలుగులో పెట్టొచ్చు, కానీ వెతుకులాటకి ఆధారమయ్యే ప్రామాణిక ట్యాగులు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. రెండూ ఇవ్వండి. అక్షరాల అందం పాఠకుడి ఫోన్‌లో ఉన్న ఫాంట్ మీద ఆధారపడుతుంది, మన ఫాంట్‌ని అక్కడికి ఎక్కించలేం. వర్క్ స్కిన్ అనే సదుపాయంతో వరుసల మధ్య ఎడం పెంచితే ఒత్తులు కింది వరుస మీద పడకుండా ఉంటాయి. తాళపత్రం మీద రాసిన శాపం, రాజముద్ర ఉన్న లేఖ లాంటివి గళ్లు కట్టి చూపించడానికీ ఇదే పనికొస్తుంది. అయితే స్కిన్ ఆపేసి చదివేవాళ్లుంటారు, దించుకున్న ఫైలులో అది ఉన్నట్టే కనపడకపోవచ్చు. కథ అర్థం కావడానికి కావలసినదేదీ అలంకారంలో మాత్రమే దాచకండి.

సైటు అప్పుడప్పుడు ఆగుతుంది. 2023 జులైలో దాడికి గురై బాగా ఇబ్బంది పడింది, మరమ్మతుల కోసం ముందే చెప్పి ఆపడమూ ఉంటుంది. గడువు వేళకి సైటు లేకపోతే ఓటు మరుసటి రోజుకి పొడిగిస్తామని మొదటి చాప్టర్‌లోనే రాసి ఉంచండి. పోస్ట్ చేయని రచన డ్రాఫ్ట్‌గా ఉంటే దాదాపు నెలకి దానంతటదే చెరిగిపోతుంది, అసలు ప్రతి మీ దగ్గర వేరే ఉండాలి.

సీరియల్ ఆపేయాల్సి వస్తే, కథ మీద ఎంత విసుగు పుట్టినా డిలీట్ నొక్కకండి. కథతో పాటు అందరి కామెంట్లూ పోతాయి. జ్వరాన్ని గుర్తుపెట్టుకున్న పాఠకురాలి మాట కూడా పోతుంది. ఆర్ఫన్ అనే మీట ఉంది. అది నొక్కితే మీ పేరు తొలగి కథ, దాని కింది మాటలు అక్కడే ఉంటాయి. ఒకసారి నొక్కాక కథ మళ్లీ మీ పేరు మీదికి రాదు కాబట్టి, ముందు చివరి చాప్టర్ నోట్స్‌లో అప్పటిదాకా తేలని ఓటు ఏమైందో ఒక్క వరుస రాసి, ఆ తర్వాత నొక్కండి.